సుద్ద గీతల కారు

అరవయ్యో ఏట రెండు తలుపుల కారు కొంటానన్నందుకు మా ఇంట్లో నన్ను పిచ్చాసుపత్రిలో చేర్చడమొక్కటే తక్కువ. అదీ మామూలు కారు కాదు, ఒకసారి గుద్దుకుని నుజ్జయి, మళ్ళీ బాగుచేసిన కారు. ఫోన్లో దాని ఫోటో చూసిన రోజు నుంచీ నాకు వేరే ధ్యాస లేదు. ఎర్ర రంగు, పొడవాటి ముక్కు, నేలకి జానెడెత్తు, రెండే సీట్లు. ఫోటో కింద దాపరికం లేకుండా రాశారు: యాక్సిడెంట్ అయిన బండి, రిపేరు చేశాం, ఇష్టమైతే సత్తెనపల్లి వచ్చి చూసుకోండి.

నా పేరు పుల్లయ్య. నరసరావుపేటలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ బస్సు పంతొమ్మిదేళ్ళు నడిపాను. ఆ బస్సుకి స్పీడు గవర్నరు బిగించి ఉండేది. కాలితో ఎంత తొక్కినా యాభై దాటదు. పంతొమ్మిదేళ్ళ పాటు ట్రాక్టర్లు తప్ప అన్నీ నన్ను దాటుకునే పోయాయి. పాల క్యాన్లు కట్టుకున్న మోపెడ్లు దాటాయి. నా బస్సులో కూర్చుని చదువుకున్న పిల్లలు ఉద్యోగాలొచ్చాక కార్లు కొనుక్కుని, హారన్ కొట్టి, చెయ్యి ఊపి మరీ దాటారు. కాలితో తొక్కితే ముందుకు దూకే బండిని నా జన్మలో ఒక్కసారి నడపాలని నాకుంది. బైపాస్ రోడ్డు కింద పోయిన ఎకరానికి డబ్బొచ్చింది. నా పొలం, నా డబ్బు, నా కాలు. ఇందులో ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఉండనివ్వండి.

అభ్యంతరం ఉంది. మా వాడు వెంకటేష్ వార్డు సచివాలయంలో పనిచేస్తాడు. వచ్చిన దరఖాస్తులో ముందు లోపం వెతకడం వాడికి అలవాటు.

"పడ్డ బండి నాన్నా అది. పడ్డ బండిని ఎవుడన్నా కొంటాడా?"

"నేను పడలా? నన్నింట్లో ఉంచుకోలా?" అన్నాను.

దాంతో వాడు తల దించుకుని అన్నం కలుపుకున్నాడు. మా ఆవిడ నాగేంద్రమ్మ మాత్రం నా వంక అదోలా చూసి, పెరుగు గిన్నె నా ముందు ఠప్పున పెట్టి వంటింట్లోకి పోయింది.

నేను పడ్డ సంగతి చెప్పాలి. నాలుగేళ్ళ కిందట, ఫిబ్రవరి నెలలో, రాజుపాలెం దాటాక మా కాలేజీ బస్సు రోడ్డు దిగి పత్తి చేలో పక్కకి ఒరిగింది. లోపల ముప్ఫై ఒక్కమంది పిల్లలు. ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు గానీ, ఒకమ్మాయికి చెయ్యి విరిగింది. బ్రేకులు పడలేదని రిపోర్టులో రాశారు. అయినా సరే, నన్ను మళ్ళీ స్టీరింగ్ ముట్టుకోనివ్వలేదు. కాలేజీ గేటు దగ్గర కుర్చీ వేసి, వచ్చేపోయే బండ్ల నంబర్లు రాసుకోమన్నారు. ఏడాదిన్నర రాశాను. ఒకరోజు ఆ పుస్తకం కుర్చీలో పెట్టి ఇంటికొచ్చేశాను.

ఇంట్లో సంగతి అంతకన్నా అధ్వానం. వెంకటేష్ బైకు తాళం జేబులో పెట్టుకుని నిద్రపోతాడు. నాగేంద్రమ్మ నా మోపెడ్ వెనక కూర్చోవడం మానేసింది. కూరగాయలకెళ్ళినా, పెళ్ళికెళ్ళినా ఆటో ఎక్కుతుంది. నేను మోపెడ్ మీద ఆ ఆటో వెనకాల వెళ్తాను. ముప్ఫై అయిదేళ్ళ కాపురంలో నాకు ఇంతకంటే అవమానం జరగలేదు. ఒక్కసారి పడితే ఇక ఆ మనిషి చేతిలో బండి ఉండకూడదా? పడినదాన్ని లేపి, బాగుచేసి, మళ్ళీ రోడ్డు మీద పెట్టడం తప్పా? ఆ ఎర్ర కారు ఫోటో చూసినప్పుడల్లా నాకు ఈ కోపమే వచ్చేది. దాన్ని కొనాలి. నన్ను చూసి సానుభూతిగా తలాడించిన ప్రతివాడి గుమ్మం ముందూ హారన్ కొట్టాలి. పక్క సీట్లో నాగేంద్రమ్మ కూర్చుని ఉండాలి. నిజం చెప్పాలంటే, ఆ పక్క సీటు కోసమే నాకా కారు కావాలి.

ఆదివారం పొద్దున్నే చొక్కా వేసుకుంటుంటే నాగేంద్రమ్మ కూడా చీర మార్చుకుని వచ్చింది.

"నువ్వెక్కడికే?"

"నువ్వు పోయేకాడికే. వద్దని చెప్పేదానికి ఒక మనిషుండాలిగా" అంది.

ఒకరు చాలరన్నట్టు వెంకటేష్ కూడా బయల్దేరాడు. ముగ్గురం సత్తెనపల్లి బస్సెక్కాం. దారంతా వాళ్ళిద్దరూ చెరో పక్క నుంచీ నా చెవిలో ఊదుతూనే ఉన్నారు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. డ్రైవరు గేరు మార్చినప్పుడల్లా నా ఎడమ చెయ్యి దానంతటదే కదిలింది.

ఊరి బయట, రోడ్డు పక్కన రేకుల షెడ్డు. పేరూ ఊరూ లేదు, గోడ మీద తాటికాయంత అక్షరాలతో 'డెంటింగ్, పెయింటింగ్' అని మాత్రం ఉంది. లోపల పాతికేళ్ళ అమ్మాయి, చున్నీ నడుముకి బిగించి, ఒక ఆటో తలుపుకి గరుకు కాగితం పడుతోంది. పేరు షాహిస్తా అంది. రంగుల పని తనదట, సొట్టలు తీసే పని వాళ్ళ నాన్నదట.

"అబ్బా టీకి పోయినాడు బాబాయ్, వచ్చేస్తాడు. ఈలోపు మీరు బండి చూడండి" అని పట్టా లాగింది.

ఫోటో ఏం చూపించింది నా మొహం! ఎదురుగా చూస్తే గుండె ఆగినంత పనైంది. ముందుకి వంగి, దూకడానికి సిద్ధంగా నిలబడ్డట్టుంది. దగ్గరికెళ్ళి చెయ్యి వెయ్యబోయాను.

"ఆగండి ఆగండి. గుర్తులు పెట్టినాక చూడండి" అంటూ షాహిస్తా జేబులోంచి సుద్దముక్క తీసింది.

అద్దంలా మెరుస్తున్న ఆ ఎరుపు మీద, ఏమాత్రం జాలి లేకుండా, తెల్లటి గీతలు గీయడం మొదలుపెట్టింది. బానెట్ మీద ఒకటి. ముందు బంపర్ మీద ఒకటి. కుడి చక్రం పైన, కుడి తలుపు మీద, అద్దం పక్కనున్న స్తంభం మీద. స్టీరింగ్ మీద ఒకటి, దాని పక్కన ఒకటి, ఎయిర్‌బ్యాగులు రెండూ కొత్తవని. తరవాత నన్ను నేల మీద గోనెసంచి పరిచి పడుకోమంది. తనూ పక్కన పడుకుని, టార్చి వేసి, ఛాసిస్ ఎక్కడ వంగితే లాగి సరిచేశారో, ఎక్కడ వెల్డింగ్ పెట్టారో గీసి చూపించింది. గుంటూరు కుర్రాడెవడో హైవే మీద డివైడర్‌కి పెట్టి కొట్టాడట. వాడికేం కాలేదు. ఇన్సూరెన్సు వాళ్ళు ఇక పనికిరాదని తేల్చి వేలం వేస్తే వీళ్ళు కొన్నారు. తండ్రీకూతుళ్ళు పద్నాలుగు నెలలు చేశారు.

పైన వెంకటేష్ గొంతు వినపడుతోంది. వంగి చూసి కింది గీతలు కూడా కలిపి లెక్కపెడుతున్నాడు. నేను లేచి దుమ్ము దులుపుకునేసరికి వాడి మొహం వెలిగిపోతోంది.

"పదకొండు! పదకొండు చోట్ల పోయింది నాన్నా. ఇంక ఈ బండిలో మిగిలిందేంది?"

"ఎడమ పక్కంతా కంపెనీదే అన్నా. వెనక భాగం కూడా. గీత లేని చోట మా చెయ్యి పడలా" అంది షాహిస్తా.

నాగేంద్రమ్మ గడప దగ్గర స్టూలు మీద కూర్చుని ఉంది. "అమ్ముకునేవాళ్ళు ఎవరన్నా ఇట్టా గీసి చూపిస్తారా అమ్మాయ్?" అని అడిగింది.

"ఏడుగురొచ్చారు పిన్నీ. గీతలు చూడంగానే ఏడుగురూ పోయారు. వద్దు అబ్బా, అడిగితేనే చెబుదాం అంటే వినడు." ఆ అమ్మాయి సుద్దముక్క వేళ్ళ మధ్య తిప్పుతూ నవ్వింది. "అంతకుముందు మా అబ్బా పేటలో ఒక కాలేజీలో బస్సులు చూసేటోడు. ఒక బస్సు పడింది. బ్రేకులు సరిగ్గా చెయ్యలేదని అబ్బాని తీసేశారు. రెండు రోజుల ముందే బ్రేకులు మొత్తం విప్పి చేసినాడు. ఎంత మొత్తుకున్నా ఒక్కరూ వినలా. అప్పట్నుంచీ ఇదీ పద్ధతి. నా చెయ్యి యాడ పడిందో నేనే గీసి చూపిస్తా, గీత లేని చోటు నా మీదికి తోయబాకండి అంటాడు."

అప్పటికే దులిపిన చొక్కాని నేను మళ్ళీ దులుపుకున్నాను.

రిపోర్టులో రాశారని మీకు ఇందాక చెప్పాను. రాశారన్నాను గానీ, బ్రేకులు పడలేదని నేననలేదు. ఇప్పుడు అసలు మాట చెబుతాను. ఆ ఏడు మా మిరపకాయలు కళ్ళంలో ఆరుతున్నాయి. సాయంత్రం మబ్బు పట్టింది. కోసి ఆరబోసిన కాయ తడిస్తే తాలు కింద పోతుంది, ఏడాది కష్టం మట్టిలో కలుస్తుంది. నాగేంద్రమ్మకి జ్వరం. నేనొక్కణ్ణే తెల్లవార్లూ పట్టలు కప్పుతూ, గాలికి లేచినవాటి మీద రాళ్ళు పెడుతూ తిరిగాను. చుక్క పడలేదు. తెల్లారి మొహం కడుక్కుని బస్సెక్కబోతుంటే, ఇయ్యాల సెలవు పెట్టు అంది నాగేంద్రమ్మ. సెలవు పెట్టి ఇంట్లో కూర్చునే రకం కాదు నేను, అప్పటికి. మా వైపు డ్రైవర్లు సగం మంది సీజన్లో అలాగే నడుపుతారు, రాత్రి కళ్ళంలో, పగలు స్టీరింగ్ మీద. రాజుపాలెం దాటాక ఎండ మొహాన కొట్టింది. కళ్ళు మూతపడ్డాయి. తెరిచేసరికి అద్దానికి అడ్డంగా పత్తి మొక్కలున్నాయి.

కాలేజీ మేనేజరు పరుగున వచ్చి, "బ్రేకులు పడలేదా పుల్లయ్యా?" అనడిగాడు. నేను తలూపాను. అంతే. నోరు తెరిచి అబద్ధమాడలేదు, తలూపాను. మర్నాడు కాగితం ముందు పెడితే సంతకం చేశాను. మెకానిక్ సర్దార్ని పనిలోంచి తీసేశారు. హైదరాబాదు వెళ్ళిపోయాడని ఎవరో అన్నారు. నేను ఇంకేం అడగలేదు. దూరం పోయాడులే అని కాస్త తేలికపడ్డాను కూడా.

ఆ సర్దారే టీ గ్లాసు పట్టుకుని షెడ్డులోకి వచ్చాడు. జుట్టు మొత్తం నెరిసింది. నన్ను చూసి ఆగాడు. గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"పుల్లయ్యన్నా. బండి చూశావా?"

"చూశా."

"కింద కూడా?"

"కింద కూడా."

తల పంకించాడు. నన్ను నాలుగు తిట్టుంటే నేను ఎనిమిది తిట్టి, చెప్పులేసుకుని పోయేవాణ్ణి. నా సంగతి నాకు తెలుసు. సర్దార్ తిట్టలేదు. అందరితో మాట్లాడినట్టే మాట్లాడాడు. అక్కడ నాకు కాళ్ళు కదలలేదు.

వెంకటేష్‌కి మనిషి గుర్తొచ్చాడు. వాడికి కావలసిన ఆయుధం వాడి చేతికే దొరికింది.

"నువ్వు మా నాన్న బస్సు మెకానిక్కువి గదా! పద నాన్నా, పద. ఆ రోజు ఈయన బ్రేకులు సక్రమంగా చూసుంటే నీ ఉద్యోగం పోయేదే కాదు. పిల్లలు చావాల్సినోళ్ళు. అట్టాంటోడు బాగుచేసిన బండిని పట్టుకుని కొంటానంటావేంది?"

షాహిస్తా చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. ఆ అమ్మాయి వాళ్ళ నాన్న వంక చూసింది, తరవాత నా వంక చూసింది. సర్దార్ మా వాడి వంక చూడనే లేదు. నన్నే చూస్తున్నాడు. ఏం చెయ్యమనీ అడగలేదు. ఊరికే చూస్తున్నాడు.

ఇంకోసారి తలూపితే చాలు. పద అంటే పద. కారు పోతుంది, పోతే పోయింది. మిగతావన్నీ ఎక్కడివక్కడ ఉంటాయి. నోరు విప్పానంటే ముప్ఫై ఒక్కమంది పిల్లల్ని వెనక పెట్టుకుని నిద్రపోయిన మనిషినని నా కొడుక్కి తెలుస్తుంది. ఇక సైకిల్ తాళం కూడా నా చేతికివ్వరు. నాగేంద్రమ్మ ఇక ఈ జన్మలో నా పక్కన కూర్చోదు. నాలుగేళ్ళుగా ఊరందరి మీదా చిందులు తొక్కాను, పడ్డవాణ్ణని నన్ను నమ్మరే అని. ఎక్కడ పడ్డానో నేనెవరికి చూపించాను కనక? నా మీద నాకే ఒళ్ళు మండిపోయింది. నాకు కోపమొస్తే ఆగదు. ఆ రోజు అదే నన్ను కాపాడింది.

"ఒరేయ్ వెంకటేషూ, ఇంక నోర్ముయ్. బ్రేకులు లక్షణంగా ఉన్నాయి. తొక్కితే గదా పడేది? నేను తొక్కలా. నిద్రపోయా."

"ఏంది?"

"నిద్రపోయా. రాత్రంతా కళ్ళంలో మేలుకుని, పొద్దున్నే బస్సు తీసి, స్టీరింగ్ మీద నిద్రపోయా. బ్రేకులు పడలేదా అని ఆళ్ళడిగితే తలూపా. ఈయన పని పోయింది నా మూలాన. నన్ను ఏం తిడతావో ఇంటికి పోయినాక తిట్టు. ఈ మనిషిని ఇంకొక్క మాటన్నావంటే మాత్రం బాగోదు."

వెంకటేష్ వాళ్ళమ్మ వంక చూశాడు. బయట లారీ ఒకటి పోతే రేకులు అదిరాయి. సర్దార్ బల్ల సొరుగు లాగి, ఒక తెల్ల కాగితం, పెన్నూ తీసి నా ముందు పెట్టాడు.

"రాసియ్యి అన్నా. ఇప్పుడు చెప్పిందే. కాలేజీకి పంపిస్తా. ఉద్యోగం కోసం కాదు, నా పేరు కోసం."

"నాన్నా, కాగితం మీద పెట్టబాక. కేసవుద్ది" అన్నాడు వెంకటేష్. అప్పుడు మాత్రం వాడి గొంతులో నా మీద ప్రేమ వినపడింది.

"అయితే కానీ."

బల్ల మీద వంగి రాశాను. పదకొండు చోట్ల విరిగిన బండి పదకొండూ చూపించుకుని నిలబడింది. నాది ఒకటే చోటు. ఆరు వాక్యాలయింది. కింద పేరు, తేదీ, సంతకం. సర్దార్ దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, పైజేబులో పెట్టుకుని, జేబు మీద ఒకసారి తట్టుకున్నాడు. షాహిస్తా అటు తిరిగి చున్నీతో మొహం తుడుచుకుంది.

"బండి నాకమ్ముతావా?" అని అడిగాను.

"ఎందుకమ్మను? రేటు మాత్రం తగ్గించను."

"తగ్గించమని నేనడగలా."

బయానా తీసి బల్ల మీద పెట్టాను. ఏడుగురు గీతలు చూసి పారిపోయారు. నేను ఆ గీతలు చూసే కొన్నాను. ఎక్కడెక్కడ విరిగిందో తనంతట తనే చెప్పిన బండిని కాక ఇంకేం కొనాలి? షోరూంలో మెరిసేవన్నీ నాకు తెలీదు, ఈ ఎర్రదాన్ని మాత్రం కిందా మీదా నాకు తెలుసు.

అప్పటిదాకా స్టూలు మీద నుంచి లేవని నాగేంద్రమ్మ అప్పుడు మాట్లాడింది.

"ఇయ్యాల బస్సెక్కబాకని ఆ పొద్దున నేను చెప్పలా?"

"చెప్పావు."

"నాకు ఆ రోజే తెలుసు."

"తెలిస్తే ఒక్కనాడన్నా అడగలేదేందే?"

"నువ్వే చెబుతావని చూశా. నాలుగేళ్ళు చూశా. పడ్డావని నీ బండెక్కడం మానుకున్నాననుకున్నావా? పడనోడెవడు? ఊళ్ళో అందరికీ బ్రేకులని చెప్పుకున్నావు, చెప్పుకో. నాక్కూడా బ్రేకులనే చెప్పావు గదయ్యా. జొరంతో పడుండి, నీకోసం కళ్ళంలోకి కాఫీ పంపించినదాన్ని. నాక్కూడా!"

వెంకటేష్ తల పక్కకి తిప్పుకున్నాడు. ముప్ఫై ఒక్కమంది పిల్లల తల్లిదండ్రుల ముందు సిగ్గుపడ్డానని నాకు తెలుసు. ఈమె ముందు సిగ్గుపడాలని నాకు తోచనే లేదు. తప్పయిపోయిందే అన్నాను. నేనా మాట ఆమెతో అనడం అదే మొదటిసారి.

సర్దార్ దగ్గి, తాళం నా చేతిలో పెట్టాడు. "ఇంటి దాకా తోలుకుపో అన్నా, మిగతా డబ్బు రేపియ్యి. చేతికి ఎట్టుందో చూసుకో."

షాహిస్తా తడిగుడ్డ తెచ్చి బానెట్ మీద గీత తుడవబోయింది.

"ఉండనీ తల్లీ" అన్నాను.

"రోడ్డు మీద అందరూ చూస్తారు బాబాయ్."

"చూడనీ. మా వీధిలోకి కూడా వీటితోనే తీసకపోతా. ఎవుడన్నా ఇదేందని అడిగితే ఒక్కొక్కటీ చెబుతా. పన్నెండోది కూడా చెబుతా."

"జనం నవ్వుతారు నాన్నా" అన్నాడు వెంకటేష్ నీరసంగా.

"నవ్వితే నవ్వనీరా. వాళ్ళ నోరు, వాళ్ళ పళ్ళు."

తలుపు తీసి లోపలికి దిగాను. దిగాననే అనాలి, అంత కింద ఉంది సీటు. నాలుగేళ్ళ తరవాత స్టీరింగ్ మీద రెండు చేతులూ వేశాను. తాళం తిప్పగానే ఇంజను గర్జించింది. షెడ్డు రేకులు, నా పక్కటెముకలు కలిసి అదిరాయి. ఎడమ పక్క సీటు ఖాళీగా ఉంది. అటు చూడకూడదనుకున్నాను.

ఎడమ తలుపు తెరుచుకుంది. నాగేంద్రమ్మ చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని, ముందు కాలు పెట్టాలో తల పెట్టాలో తెలీక తంటాలు పడి, చివరికి ధభీమని కూలబడింది.

"ఇదేం బండయ్యా, పీట మీద కూచున్నట్టుంది" అని సణుక్కుంటూ చెప్పులు సర్దుకుంది. బెల్టు ఎక్కడుందో వెతుక్కుని, తనే లాగి పెట్టుకుంది.

"మరి నేనెట్టా రావాల?" అన్నాడు వెంకటేష్ బయట నుంచి.

"పేటకి బస్సుంది రా, అరగంటకొకటి" అంది వాళ్ళమ్మ.

తరవాత ముందుకి తిరిగి, తెల్లగీత ఉన్న బానెట్ వంక, దాని అవతల రోడ్డు వంక చూస్తూ కొంగు భుజం మీద సర్దుకుంది.

"నిద్దరొస్తే చెప్పు" అంది.

"చెబుతా" అని గేరు వేశాను.